శనివారం నాలుగింటికి లైబ్రరీలో కలుద్దాం

మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఎటు చూసినా చదువుకునేవాళ్లే. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, సెకండ్‌హ్యాండ్ పుస్తకాల దుకాణాలు. ఇంత చదువు మధ్య మన వీధి గ్రంథాలయం ఏం చేస్తోంది? ఇంకా ఏం చేయగలదు?

పుస్తకం చివరి అట్ట లోపల ఓ చిన్న కాగితం అతికించి ఉంటుంది. దాన్నిండా తేదీల ముద్రలు. ఏ రోజుకల్లా తిరిగివ్వాలో చెప్పే ముద్రలవి. మలక్‌పేట వైపున్న ఓ శాఖా గ్రంథాలయంలో ఈమధ్య పిల్లల కథల పుస్తకమొకటి తీసి ఆ కాగితం చూశాను. పై వరుసల్లో ముద్రలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. వారానికో ఇంటికి వెళ్లొచ్చిన పుస్తకమది. కిందికొచ్చేకొద్దీ ముద్రకీ ముద్రకీ మధ్య నెలలు, ఆ తర్వాత ఏళ్లు. సగం కాగితం ఖాళీ.

పుస్తకం చెక్కుచెదరలేదు. కుట్టు గట్టిగానే ఉంది, బొమ్మలు వెలిసిపోలేదు. దాన్ని ఓ పిల్లాడి చేతిలో పెట్టి ‘ఇది చదువు నాన్నా, బావుంటుంది’ అనే మనిషే లేకుండా పోయారు.

అలాగని ఆ గది ఖాళీగా ఏమీ లేదు. పొద్దున్నే పేపర్ల కోసం వచ్చే పెద్దవాళ్లు. కాస్త పొద్దెక్కితే కానిస్టేబుల్, గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్లు, అమ్మాయిలు. బల్లల మీదున్నవన్నీ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలే. బీరువాలు వాళ్ల వెనకాల మౌనంగా నిలబడి ఉన్నాయి. గది నిండింది గానీ గ్రంథాలయం నిండలేదు.

బీరువాల కంటే ముందు సభ

మలక్‌పేట నుంచి చాదర్‌ఘాట్ వంతెన దాటితే కోఠి, సుల్తాన్‌బజార్. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అక్కడే ఉంది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో అది మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు అందులో ముందు నిలిచారు. పాలన, పై చదువులు తెలుగులో లేని నిజాం రాజ్యంలో, తెలుగువాళ్లు నలుగురూ ఒకచోట కూర్చుని తమ భాషలో మాట్లాడుకునే చోటు కావాలనుకున్నారు. ఆ కలయికల్లోంచే 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టింది. చరిత్ర, సైన్సు తెలుగు పుస్తకాలుగా మన ఇళ్లకొచ్చాయి.

కోస్తాలో అయ్యంకి వెంకట రమణయ్య 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులందరినీ కూర్చి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ప్రాణం పోశారు. ఆయన చొరవతోనే 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో గ్రంథాలయ మహాసభ జరిగింది. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకొంటున్నది ఆ తేదీ గుర్తుగానే. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి, గట్టు వెంబడి ఊళ్లకు పంపారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుంటూ జనం దగ్గరికి వెళ్లారు.

వీళ్లలో ఒక్కరైనా పుస్తకాలు సర్దిపెట్టి పాఠకుల కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చోలేదు. సభ పెట్టారు, చదివి వినిపించారు, ఇంటికెళ్లి ఇచ్చారు. ఇప్పుడు మనం ‘కార్యక్రమం’ అంటున్నది వాళ్లకు గ్రంథాలయం అసలు పనే.

కుర్చీ కూడా సేవే

‘సొంత పుస్తకాలు తెచ్చుకుని సీట్లు ఆక్రమిస్తారు’ అని పోటీ పరీక్షల పిల్లల మీద ఓ ఫిర్యాదు వినిపిస్తుంటుంది. నేను ఒప్పుకోను. ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకునే హాస్టల్ పిల్లలకు ఫ్యాను కింద ఓ కుర్చీ, ఓ బల్ల, కాస్త నిశ్శబ్దం దొరకడం చిన్న విషయం కాదు. ఊళ్లో అమ్మానాన్నలు అప్పు చేసి పంపిన డబ్బుతో ప్రైవేటు రీడింగ్ రూమ్‌కు నెలనెలా కట్టలేని పిల్లలకు ఆ కుర్చీయే కొండంత అండ. పంతం పట్టి పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా కదలకుండా చదివే ఆ పిల్లల్ని చూస్తే గౌరవం కలుగుతుంది.

కాకపోతే కుర్చీ ఇచ్చి ఊరుకుంటే చాలదు. పాత ప్రశ్నపత్రాలు ఓ ఫైల్లో, కరెంట్ అఫైర్స్ కోసం పేపరు కత్తిరింపులు మరో ఫైల్లో పెట్టొచ్చు. అప్లికేషన్ నింపడంలో తడబడేవాళ్లకు వారానికో గంట సాయం చేయొచ్చు. నిరుడు ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లను పిలిపించి నెలకోసారి మాట్లాడించొచ్చు. భారత గ్రంథాలయ శాస్త్రానికి బాట వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో ఒకటి పాఠకుడి సమయం వృథా కాకూడదనే. పరీక్ష తరుముకొస్తున్న కుర్రాడికి ఆ సూత్రం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

చాప, కథ, నలభై నిమిషాలు

వేసవి శిబిరాల్లో, నవంబరు వారోత్సవాల్లో మన గ్రంథాలయాలకు పిల్లల కళ వస్తుంది. వ్యాసరచన, చిత్రలేఖనం పోటీలు, బహుమతులు, ఫొటోలు. పండగ అయిపోగానే పిల్లలు మళ్లీ కనిపించరు. పిల్లల్ని గుమ్మానికి అలవాటు చేసేది పండగ కాదు, వారం.

వారానికో కథ చెప్పడానికి ఖర్చు దాదాపు లేదు. శనివారం సాయంత్రం నాలుగంటే నాలుగే. వాన పడినా, ఇద్దరే వచ్చినా ఆ వేళ మారకూడదు. నేల మీద చాప. ఒక్క పుస్తకం. బొమ్మ పిల్లలవైపు తిప్పి పట్టుకుని, కంగారు పడకుండా చదవాలి. ‘నీతి ఏమిటి?’ అని అడక్కూడదు. ‘తర్వాత ఏమై ఉంటుంది?’ అని అడగాలి. ఆఖరి పది నిమిషాలు పిల్లలవి. వాళ్లకు తెలిసిన కథ వాళ్లు చెప్పాలి. లేచి వెళ్లేటప్పుడు ప్రతి చేతిలో ఓ పుస్తకం ఉండాలి, దాని మీద తేదీ ముద్ర ఆ పిల్లల కళ్లముందే పడాలి. ఆ ముద్రే వాళ్లను వచ్చే శనివారం మళ్లీ రప్పిస్తుంది.

మలక్‌పేట, సైదాబాద్ వీధుల్లో తెలుగు, ఉర్దూ పక్కపక్క ఇళ్లలో వినిపిస్తాయి. ఒక వారం తెలుగు కథ, ఇంకో వారం ఉర్దూ కథ అయితే? నానమ్మలు, దాదీమాలు చెప్పేవాళ్లుగా వస్తే? ఒకే చాప మీద రెండు భాషల పిల్లలు కూర్చునే చోటు ఈ నగరానికి ఎంతైనా అవసరం.

కళ్లతో చదవలేని పాఠకులు

వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం మలక్‌పేటలోనే ఉంది. చూపులేని విద్యార్థులు, ఉద్యోగార్థులు తరచూ వచ్చిపోయే ప్రాంతమిది. వాళ్లకు దగ్గర్లోని గ్రంథాలయం ఏం చేయగలదు? చాలానే. అచ్చు పుస్తకాలను చూపులేనివారికి అందే రూపంలోకి మార్చుకోవడానికి మన కాపీరైట్ చట్టం 2012 సవరణతో వీలు కల్పించింది. ఇలాంటి పుస్తకాలు దేశాల మధ్య అందేలా చేసే మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 2016 నుంచి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ నడుస్తోంది. ఓ కంప్యూటరు, హెడ్‌ఫోన్లు, అందులో పేరు నమోదు చేయించే ఓపిక ఉంటే చిన్న గదిలోనూ ఈ సేవ మొదలుపెట్టొచ్చు. చదివి వినిపించేవాళ్ల పేర్లు, పరీక్ష రాసిపెట్టే స్క్రైబుల పేర్లు ఓ రిజిస్టర్లో ఉంటే ఇంకా మేలు. ఆ పేర్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. చుట్టూ బల్లల దగ్గర కూర్చున్నదంతా చదువుకున్న పిల్లలే.

ఇది మన డబ్బే

ఇంటిపన్ను రసీదు ఓసారి తీసి చూడండి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 5,000 రూపాయల పన్ను మీద అది 400. అద్దెకుండేవాళ్లూ అద్దె రూపంలో అందులో తలో చెయ్యీ వేస్తున్నట్టే. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న మాట ఏళ్లుగా వింటున్నాం. ఖాళీ అయిన గ్రంథపాలకుల పోస్టులు నిండకపోతే కథా ఉండదు, రిజిస్టరూ ఉండదు. ఈ రెండూ గట్టిగా అడగాల్సినవే. ఎవరి దయా కోరడం లేదు, కట్టిన డబ్బుకు పని అడుగుతున్నాం.

అడగడానికి ముందు ఆ గుమ్మం తొక్కాలి. ఈ వారమే సభ్యత్వం తీసుకోండి. పాఠకుల సూచనల పుస్తకం అడిగి తీసుకుని, పిల్లలకు వారానికో కథ కావాలని రాయండి. కింద మీ పేరుతోపాటు ‘చదవడానికి నేనొస్తాను’ అన్న మాటా చేర్చండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఓ కబురు పెట్టండి: శనివారం నాలుగింటికి, లైబ్రరీలో. చాప మేం తెస్తున్నాం.