కొబ్బరి పెరుగు – పాల పెరుగుకు సాటి వస్తుందా?

పాలు పడనివారి కోసం సూపర్ మార్కెట్లలో కొబ్బరి పాలతో తోడుపెట్టిన యోగర్ట్ దొరుకుతోంది. రుచి ఫరవాలేదు. చిక్కగా, నున్నగా, కొబ్బరి వాసనతో ఉంటుంది. పండ్ల ముక్కలతో బాగుంటుంది గాని, అన్నంలో కలిపితే మన గడ్డపెరుగు రుచి రాదు.

మరి పోషణ మాటేమిటి? 100 గ్రాముల ఆవుపాల పెరుగులో సుమారు 3 గ్రాముల మాంసకృత్తులు, 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. కొబ్బరి పెరుగులో మాంసకృత్తులు సాధారణంగా 1 గ్రాముకు అటూ ఇటూ మాత్రమే. కాల్షియం విడిగా కలిపితేనే చెప్పుకోదగినంత ఉంటుంది. సంతృప్త కొవ్వు ఎక్కువ కనుక గుండెజబ్బు ఉన్నవారు మితంగా తినాలి. డబ్బాపై చక్కెర ఎంత రాశారో కూడా చూడండి.

పాలు తాగితే కడుపు ఉబ్బరించే చాలామందికి మామూలు పెరుగు పడుతుంది. తోడులోని మేలుచేసే సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత విడగొట్టడమే ఇందుకు కారణం. పాల ఎలర్జీ ఉన్నవారు మాత్రం పాల పెరుగు కూడా తినకూడదు.

తల్లులారా! అలాంటి పిల్లలకు కొబ్బరి పెరుగు పెట్టవచ్చు, కాని దానినే నమ్ముకోవద్దు. పప్పు, గుడ్డు, రాగిజావ, ముల్లుతో తినే చిన్న చేపలు కూడా పెట్టండి. బిడ్డ బరువు పెరగకపోతే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. దేవుడు మనకు అప్పగించిన బిడ్డలకు కడుపు నిండడంతోపాటు బలమూ చేకూరాలి.