ఈగను గుండ్రంగా తిప్పాలంటే

2012లో వచ్చిన ‘ఈగ’ సినిమాకు హైదరాబాద్‌లోని మకుట విఎఫ్‌ఎక్స్ ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ అవార్డు అందుకుంది. మోతీనగర్‌లో గది తీసుకుని ఫిలింనగర్‌లో గ్రాఫిక్స్ పని నేర్చుకుంటున్న కుర్రవాణ్ని అలాంటి ఈగనే విలన్ తల చుట్టూ తిప్పమన్నారనుకుందాం.

తలను కేంద్రంగా తీసుకుని, వ్యాసార్ధాన్ని కోణం కొసైన్‌తో గుణిస్తే అడ్డం దూరం, సైన్‌తో గుణిస్తే నిలువు దూరం వస్తాయి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. సెకనుకో చుట్టు తిరగాలంటే ఈగ ఫ్రేముకు 15 డిగ్రీలు జరగాలి. వ్యాసార్ధం 100 అయితే మొదటి జరుగుడుకు అడ్డం 96.6, నిలువు 25.9 రావాలి.

పైథాన్‌లో కోణం దగ్గర ఊరికే 15 అని రాసి చూడండి. అడ్డం మైనస్ 76, నిలువు 65 వస్తాయి! పైథాన్, జావాస్క్రిప్ట్, సి, ఫోర్ట్రాన్ అన్నీ ఆ 15ను రేడియన్లుగానే తీసుకుంటాయి. రేడియన్ అంటే దాదాపు 57.3 డిగ్రీలు. అసలు చిక్కు ఏమిటంటే, ఈ తప్పు బిందువులు కూడా వృత్తం మీదే పడతాయి. అన్నిటినీ ఒకేసారి గీస్తే బొమ్మ గుండ్రంగానే ఉంటుంది. ఆడించినప్పుడే ఈగ ఫ్రేముకు 139 డిగ్రీల చొప్పున గెంతుతున్న సంగతి బయటపడుతుంది. కాబట్టి ఆకారం కుదిరిందని వదిలేయకుండా, బిందువులు ఏ వరుసలో పడుతున్నాయో చూడాలంటాను.

గ్రాఫిక్స్ వాళ్ల హూడినిలో మెలిక ఇంకా పెద్దది. ఆ ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే హెచ్‌స్క్రిప్ట్ సూత్రాలకు డిగ్రీలివ్వాలి, వెక్స్ కోడ్‌కు రేడియన్లివ్వాలి.

ఈ రేడియన్ల పట్టుదల ఎందుకు? చాపం పొడవునూ వ్యాసార్ధాన్నీ ఒకే కొలతలో చెప్పుకోవచ్చు కాబట్టి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడి జ్యా (సైన్) పట్టికలోనూ ఇదే ఆలోచన ఉంది. ఆయన చుట్టుకొలతను 21,600 కళలుగా (కోణ నిమిషాలుగా) తీసుకున్నాడు. అదే కొలతలో వ్యాసార్ధం 3,438 అవుతుంది. అందువల్లే 225 కళల చాపానికి జ్య కూడా 225 వచ్చింది. చిన్న కోణాలకు సైన్ విలువ, కోణం విలువ దాదాపు ఒకటే కావడం డిగ్రీల్లో కనిపించదు.

పైథాన్‌లో డిగ్రీలను మార్చే ఫంక్షన్ సిద్ధంగా ఉంది. జావాస్క్రిప్ట్‌లో పై (π)తో గుణించి 180తో మనమే భాగించాలి. బ్రౌజర్ కాన్వాస్ మీద నిలువు కొలత కిందికి పెరుగుతుంది. కాగితం మీద అపసవ్యంగా వెళ్లిన ఈగ అక్కడ సవ్యదిశలో తిరుగుతుంది. దిశ మార్చాలంటే సైన్ ముందు మైనస్ పెడితే చాలు.