దూరపు పరుగు - ఇంటి భోజనము

పుష్యమాసములో తెల్లవారుజామున పల్నాటి పల్లెలమీదుగా ప్రయాణము చేసినవారికి ఒక దృశ్యము కనుపట్టును. పత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును స్త్రీలు గుంపులుగా ఆటోలలో పోవుచుందురు. ప్రతివారి ఒడిలోను ఒక క్యారేజి, ఒక నీళ్లసీసా. దినమెల్ల నడుము వంచవలసినవారు అన్నము మాట మఱచి బయలుదేరరు.

అదే వేళకు గుంటూరు, ఒంగోలు పట్టణములలో మఱికొందఱు స్త్రీలు బూట్లు తొడిగికొని పరుగెత్తుచుందురు. వీరిలో మారథాను పందెమునకు సిద్ధపడువారును ఉన్నారు. ఏమి తిని వచ్చితిరని మేము అడిగినప్పుడు పలువురు చెప్పిన సమాధానమొక్కటే: "కాఫీ త్రాగితిమండీ. తిన్నచో పరుగు సాగదు. పైగా ఒళ్లు తగ్గవలె కదా!" ఈ మాటయే మాచేత ఈ వ్యాసము వ్రాయించినది.

మారథాను అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్లు. గుంటూరునుండి చిలకలూరిపేటకు ఇంచుమించు అంత దూరము. ఇది ఆడువారికి తగదని లోకము చాలకాలము నమ్మినది. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టి, వారు అలసిపోయిరను మిషతో దానిని 1960 వఱకు తీసివేసిరి. 1967లో బోస్టన్ మారథానులో క్యాథరిన్ స్విట్జర్ పరుగెత్తుచుండగా ఒక అధికారి ఆమె అంకెల పట్టీని లాగివేయబోయెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల మారథాను 1984లో గాని రాలేదు. ఆ యేడు లాస్ ఏంజిలిస్‌లో జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషముల 52 సెకండ్లలో గమ్యము చేరెను. స్త్రీ శరీరము తాళదన్న వాదము అంతటితో తీరినది. తీరనిది తిండి మాట.

మనము తిను అన్నము చక్కెరగా మాఱి కొంత కండలలోను, కొంత కాలేయములోను నిలువయుండును. ఆ నిలువ ఇంచుమించు 30 కిలోమీటర్ల పరుగునకు చాలును. పిమ్మట కాళ్లు ఇనుప గుండ్లవలె బరువెక్కును. మేము ఒక కార్తిక సోమవారము ఉపవాసముండి పరుగునకు పోయి, సగము దారిలోనే కాలువ గట్టుపై కూలబడితిమి. ఎవరో రైతు మా ముఖమున నీళ్లు చల్లెను. అది మొదలు ఉపవాసపు దినమును విశ్రాంతి దినముగా చేసికొంటిమి. వ్రతమునకును భంగము లేదు, కాళ్లకును లేదు.

ఒకనాటి సొమ్మసిల్లుటకంటె నెలలతరబడి అరకడుపుతో పరుగెత్తుట ప్రమాదము. అట్టివారికి నెలసరి తప్పును; ఎముకలు పలుచబడి సన్నని చీలికలు పట్టును. దీనిని ప్రత్యేకమైన రోగస్థితిగా 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు వివరించిరి. నెలసరి ఆగినప్పుడు "బాధ తప్పినది" అని సంతోషించువారిని మేమెఱుగుదుము. సోదరీ, అది సంతోషింపదగినది కాదు. గర్భము కాదని తెలిసికొన్న వెంటనే వైద్యురాలిని చూడుము.

రక్తము సంగతియు అట్టిదే. 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల భారతస్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. పైని చెప్పిన కూలి స్త్రీలును దీనికి మినహాయింపు కారు. అందఱికి వడ్డించి అడుగున మిగిలినది తినుట మన యిండ్ల వాడుక. పరుగు అభ్యాసము మొదలిడకముందే రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. ఆకుకూర పప్పులో నిమ్మరసము పిండినచో ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగినచో ఒంటబట్టదు.

అభ్యాసమునకు మన సీమలో దసరా పిమ్మటి కాలము అనుకూలము. రెంటచింతల ఎండలు ఎఱిగినవారెవరును వేసవిలో దూరపు పరుగు తలపెట్టరు. పదునాఱు మొదలు పదునెనిమిది వారములు చాలును. అదియు ఇదివఱకే కొంత పరుగు అలవాటున్నవారికి. వారమునకు నాలుగు దినములు, అందులో ఒకనాడు దూరపు పరుగు. పక్కనున్నవారితో మాటలాడగలిగినంత నెమ్మదిగా పోవలెను. దూరమును కొద్దికొద్దిగా పెంచుచు, మూడు వారములకొకమాఱు తగ్గించి, కడపట 30 కిలోమీటర్లు చేరిన చాలును.

దూరపు పరుగునకు గంటముందు రెండు ఇడ్లీలు గాని, బెల్లముతో అటుకులు గాని, ఒక అరటిపండు గాని పుచ్చుకొనవలెను. ఆవకాయ, గోంగూర పచ్చడి ఆ పూటకు ముట్టరాదు. గుంటూరు కారమునకు అపకీర్తి తెచ్చుట మా యుద్దేశము కాదు. పరుగులో కడుపు మండినచో దారిలో దిక్కెవ్వరు? గంటన్నర మించిన పరుగులో గంటకు 30 మొదలు 60 గ్రాముల చక్కెర పదార్థము కావలెను. ఒక అరటిపండు, నాలుగైదు ఖర్జూరములు కొంగున కట్టుకొన్న సరిపోవును. (కొంగు లేని దుస్తులకు జేబు కలదు కదా!) ఇల్లు చేరిన గంటలోపల పప్పన్నము, గ్రుడ్డు, పెరుగు. సాయంకాలము చిమ్మిలి యుండ పిల్లలకే పెట్టక తానును ఒకటి తినవలెను.

నీళ్లు మితిమీఱి త్రాగుటయు కీడే. 2002లో బోస్టన్ పందెము ముగించిన 488 మందికి పరీక్షింపగా నూటికి 13 మందికి రక్తములో ఉప్పు పలుచబడియుండెను. దప్పిక కలిగినప్పుడు త్రాగిన చాలును. పరుగు ముగిసిన పిమ్మట ఉప్పు వేసిన మజ్జిగ మనకు ఉండనే యున్నది.

కడపటి రెండు మూడు వారములు పరుగు తగ్గించవలెను, తిండి కాదు. పందెమునకు ముందునాడు జొన్నన్నము, చిక్కుడు, శనగలు మాని తెల్లన్నము, పెరుగు తినుట కడుపునకు తేలిక. ఆ రాత్రి వంటపని ఇంటిలో మఱియొకరు చూచుకొనవలెను. ఈ ఒక్క మాట భర్తగారికి వారము ముందే చెప్పియుంచుట మేలని మా అనుభవము.