ముసలి తరిమెన

'తరిమెన' అన్న మాట నేడు నిఘంటువుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. కొయ్యను గిర్రున తిప్పుతూ ఉలితో నున్నగా చెక్కే సాధనం అది. వరాహనది వొడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేవారి పని యిదే. కొయ్యకు బదులు యినుమును బిగిస్తే వర్క్‌షాపుల్లోని లేత్ అవుతుంది. అయితే యినుము కొయ్యలా లొంగేది కాదు. చేత్తో పట్టుకున్న ఉలి అదురుతుంది. ఆ ఉలిని చేతిలోంచి తీసి, స్క్రూ మీద జరిగే యినుప బండికి అప్పగించడంలోనే వుంది కిటుకంతా. 1800 ప్రాంతంలో లండనులో హెన్రీ మాడ్స్‌లే యీ యేర్పాటుతో, ఒకే కొలతలో మరలు కోసే లేత్‌ను నడిపి చూపించాడు.

మా వూరి వర్క్‌షాపులో యిట్లాంటి పాత లేత్ వొకటి మూల పడివుంది. యజమాని తండ్రిగారి నాటిది. అప్పట్లో వొక ఆయిలింజను యింటికప్పు కింద పొడుగాటి షాఫ్టును తిప్పేది. దాన్నుంచి తోలుబెల్టులు దిగి వొక్కొక్క యంత్రాన్నీ ఆడించేవి. పాత రైసుమిల్లు చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇంజను పోయింది, షాఫ్టు పోయింది, లేత్ మిగిలింది. పాత యినుము వ్యాపారి కాటా వేస్తానన్నాడు. కుర్రవాడు అమ్మేద్దామన్నాడు. అక్కడే ముసలివాడైన మేస్త్రీ అడ్డుపడ్డాడు.

"బెడ్డు చూడకుండా అమ్మకండి బాబూ!" అన్నాడతను.

బెడ్డు అంటే పట్టాల్లాంటి పొడుగాటి పీఠం. లేత్ ప్రాణం అందులోనే వుంది. మేస్త్రీ పరీక్ష చాలా సులువు. పనిముట్టు మోసే బండిని చక్కు దగ్గర వదులు లేకుండా బిగించి, అవతలి చివరకు తోశాడు. పని ఎప్పుడూ చక్కు దగ్గరే జరుగుతుంది గనుక అరుగుదల అక్కడే ఎక్కువ. అరగని చోటికి వెళ్ళేసరికి బండి పట్టేస్తుంది. మరీ అరిగివుంటే మధ్యలోనే ఆగిపోవాలి. ఇది దాదాపు కడదాకా పోయి అప్పుడు బిగిసింది. "పనికొస్తుంది" అన్నాడు మేస్త్రీ.

తరువాత కిరసనాయిలు, కుంచె, ఓపిక. బెడ్డు మీద గరుకు కాగితం పెట్టనివ్వలేదతను. ఆ రజను బండి కిందికి చేరి, తుప్పుకన్నా ఎక్కువగా తినేస్తుందట. బేరింగులకు నూనె పోసే రంధ్రాలు మడ్డితో పూడిపోయి వున్నాయి. వాటిని సన్నని తీగతో పొడిచి తెరవడానికే వొక పూట పట్టింది.

ఇక మోటారు. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారును సూటిగా తగిలిస్తే పాత కంచుబుష్షులు వేడెక్కి పట్టేస్తాయి. అందుకని మోటారుకు 3 అంగుళాల పుల్లీ, నడిమి షాఫ్టుకు 12 అంగుళాల పుల్లీ వేశారు. నాలుగో వంతు, అంటే 360 చుట్లు. నడిమి షాఫ్టు మీదా లేత్ మీదా 6, 5, 4 అంగుళాల మెట్ల పుల్లీలు ఎదురుబొదురుగా వున్నాయి. బెల్టును మెట్టు మారిస్తే 540, 360, 240. ఇంకా నిదానం కావాలంటే పక్కనున్న పళ్ళచక్రాలు వున్నవే. చదువరుల్లో లెక్కల మేష్టర్లెవరైనా వుంటే సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు మరచుట్టు తిప్పితే వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టెలు దొరుకుతున్నాయి. కుర్రవాడి మోజు దానిమీదే. కాని మోటారు మరీ నిదానిస్తే దాని ఫ్యానూ నిదానిస్తుంది, ఒళ్ళు కాలుతుంది, బలమూ చాలదు. లావు యినుము కోయడానికి పళ్ళచక్రాలే దిక్కు. చివరిదశలో చదునుబెల్టే వుంచమన్నాడు మేస్త్రీ. పనిముట్టు యిరుక్కుంటే అది జారుతుంది, పళ్ళు విరగవు. నాకూ అదే మేలనిపించింది. మోటారు తిరిగే వైపు కూడా ముందే చూసుకున్నారు. మరతో ఎక్కించిన చక్కు ఎదురు తిరిగితే ఊడి మీద పడుతుంది. వైరుకు ఎర్తు, బెల్టులకు యినుప జల్లెడ మూత పెట్టించారు. ఉంగరాలు, వదులు చేతుల చొక్కాలు వేసుకున్నవాళ్ళను దగ్గరికి రానివ్వలేదు.

మొదట వొట్టిగా గంటసేపు నడిపారు. మేస్త్రీ పదేపదే బేరింగు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. గోరువెచ్చగా వుంది, అంతే. అప్పుడు వొక రైతు నీళ్ళ పంపు బుష్షు బిగించాడు. చుట్టలు చుట్టలుగా కంచు రజను రాలింది. కుర్రవాడు కొలబద్ద పెట్టి చూసి, ఏమీ అనకుండా, రెండో బుష్షు అందించాడు.