పాప పుట్టాక గుర్రం ఎక్కడం: నేను వేసుకోని లెక్క

పోయిన ఎపిసోడ్‌లో నేను గుర్రం మీంచి పడ్డ సంగతి రెండు నిమిషాల్లో తేల్చేసి నవ్వేశాను. తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో సగానికి పైగా ఒకటే ప్రశ్న: "అన్నా, చంటిపిల్లతో సెలవు ఎలా మేనేజ్ చేశావు?" మేనేజ్ చేయలేదు. అదే అసలు సంగతి. రికార్డింగప్పుడు మా ఆవిడ పక్కగదిలో ఉంది, అందుకే అక్కడ చెప్పలేకపోయాను. ఇది రాసేముందు ఆవిడకి చూపించాను, "ఇప్పటికైనా రాశారు" అంది. మా మాటలు మొత్తం ఎప్పట్లాగే కింద రాతలో ఉన్నాయి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ముందు నా గురించి కాస్త. మాది గుడివాడ. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశా. పదకొండేళ్ళు దుబాయ్‌లో ఉన్నా, చివరికి ఫోర్‌మన్ అయ్యా. అక్క 2004లో వేసిన పిటిషన్‌కి 2018లో నంబరొస్తే షామ్‌బర్గ్ వచ్చాం. చికాగో చుట్టుపక్కల సైట్లలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. గుర్రాల పిచ్చి తాత నుంచి వచ్చింది. ఆయన రైల్వే స్టేషన్ బయట జట్కా తోలేవాడు. సాయంత్రం పొయ్యి మీద గుర్రానికి ఉలవ గుగ్గిళ్ళు ఉడుకుతుంటే అందులోంచి మాకూ గుప్పెడు పెట్టేవాడు. ఎక్కడం మాత్రం దుబాయ్‌లో, శుక్రవారాలు, ఒక రాజస్థానీ సాయీసు దగ్గర నేర్చుకున్నా.

షామ్‌బర్గ్ అంటే ఉడ్‌ఫీల్డ్ మాల్, ఆఫీసులు, పార్కింగ్ లాట్లు. కానీ ఇక్కణ్ణుంచి అరగంట లోపే బారింగ్టన్ హిల్స్ వస్తుంది. అక్కడ ఇంటి స్థలం కనీసం ఐదెకరాలు ఉండాలని రూలు, అందుకే ఎటు చూసినా చెక్క కంచెలు, గుర్రాలు. అటువైపే ఒక శాలలో 2021లో హాఫ్ లీజుకి చేరాను. హాఫ్ లీజంటే గుర్రం ఓనర్‌దే. మేత, నాడాలు, శాల అద్దె ఖర్చులో మనం కొంత పంచుకుంటాం, వారంలో మూడు రోజులు మనం ఎక్కొచ్చు. నాకు నెలకి 350 డాలర్లు పడేది. బూట్లు, హెల్మెట్ కొన్న రోజు మా ఆవిడ "నాడా దొరికిందని గుర్రం కొన్నాడట" అని దెప్పింది. కొనలేదు తల్లీ, సగం అద్దెకే తీసుకున్నా అన్నా.

2024 ఆగస్టులో పాప పుట్టింది. పెళ్ళైన పదకొండేళ్ళకి, నాకు 44 ఏళ్ళప్పుడు. ఆపరేషన్ అయింది. అత్తగారు జూలైలోనే విజిటర్ వీసా మీద వచ్చారు, ఆరు నెలలు ఉండనిచ్చారు. పథ్యం వంటలు, పాపకి నలుగు, ఇరవయ్యొకటో రోజు ఉయ్యాల, అన్నీ ఆవిడ చేతుల మీదుగానే జరిగాయి. ఇంట్లో పెద్దదిక్కు ఉందన్న ధైర్యంతో నాలుగో వారం నుంచే నేను మళ్ళీ శాలకి వెళ్ళడం మొదలెట్టా. ఇక్కడే మొదటి తప్పు. అత్తగారు వచ్చింది నేను గుర్రం ఎక్కడానికి కాదు.

అక్టోబర్ మూడో వారం. అప్పటికి పన్నెండు రోజులుగా శాలకి పోలేదు, పాపకి జలుబు. ముందురాత్రి నేను పడుకుంది మూడు గంటలు. ఆ ఏడాది మొదటి చలి పొద్దు అది. గుర్రం పదహారేళ్ళ క్వార్టర్ హార్స్, సాధువు. కానీ ఎంత సాధువైనా పన్నెండు రోజులు దాణా తిని పని లేకుండా నిలబడితే, పైగా చలిగాలి తగిలితే, ఒళ్ళంతా స్ప్రింగు అయిపోతుంది. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకి బలయ్యే జంతువు. కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. ఏది కదిలినా ముందు పరిగెత్తి తర్వాత ఆలోచిస్తుంది. గడ్డి మోపుల మీద కప్పిన టార్పాలిన్ అంచు గాలికి లేచింది. గుర్రం పక్కకి ఒక్క గెంతు గెంతింది. మామూలు రోజైతే కూర్చునేవాణ్ణి. ఆ రోజు నా ఒళ్ళు అర సెకను ఆలస్యంగా లేచింది. కుడి భుజం మీద పడ్డా, కాలర్ బోను విరిగింది.

ఇప్పుడు లెక్కకొద్దాం. అమెరికాలో ఉన్నవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి.

ఇక్కడ 1993 నుంచి ఎఫ్‌ఎంఎల్‌ఏ అని కేంద్ర చట్టం ఉంది. ఏడాదికి పన్నెండు వారాల సెలవు, జీతం ఉండదు కానీ ఉద్యోగం ఉంటుంది. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పాత షరతుల మీదే నడుస్తుంది, మన వాటా మనం కట్టాలి. తండ్రికీ ఇది హక్కే, పాప పుట్టిన ఏడాదిలోపు వాడుకోవచ్చు. షరతులు మూడు: కంపెనీలో మనం పనిచేసే చోటుకి 75 మైళ్ళ లోపు 50 మంది ఉద్యోగులుండాలి, మనం అక్కడ 12 నెలలు చేసి ఉండాలి, గడిచిన ఏడాదిలో 1250 గంటలు పని నడిచి ఉండాలి. ఏడాదిని ఎప్పట్నుంచి లెక్కిస్తారనేది కంపెనీని బట్టి మారుతుంది, హెచ్‌ఆర్‌ని అడగండి.

నాకు తెలీనిది ఏంటంటే, బిడ్డ కోసం ఇచ్చే పన్నెండు వారాలూ మన ఒంట్లో బాగోనప్పుడు ఇచ్చే పన్నెండు వారాలూ ఒకటే సంచీ. రెండు సంచులు కావు. కాన్పుకి రెండు వారాలు తీసుకున్నా. ఎముక అతకడానికి ఎనిమిది వారాలు పోయాయి, సైటులో నిచ్చెన ఎక్కలేని సూపర్‌వైజర్‌కి ఇవ్వడానికి మా దగ్గర వేరే పని లేదు. మిగిలింది రెండు వారాలు. జనవరిలో అత్తగారు వెళ్ళిపోయాక ఆరు వారాలు నేనే ఇంట్లో ఉండి పాపని చూసుకోవాలని, మా ఆవిడ తన వేర్‌హౌస్ ఉద్యోగానికి తిరిగి వెళ్ళాలని మా ప్లాను. ఆ ఆరు వారాల్లో నాలుగు ఆ టార్పాలిన్ అంచుకి ఎగిరిపోయాయి. ఆవిడ ఆగిపోయింది, ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి పోయింది. భుజం అతుక్కుంది. ఇది ఇంకా అతకలేదు.

డబ్బు సంగతి. పని ప్రమాదానికి ఇచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్, ఆదివారం గుర్రం మీంచి పడితే రాదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాల్లో పని బయట దెబ్బ తగిలినా కొంత జీతం ఇచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉంది, ఇల్లినాయ్‌లో లేదు. కంపెనీ ద్వారా కొనుక్కునే షార్ట్ టర్మ్ డిసెబిలిటీ ఇన్సూరెన్స్ ఒకటుంటుంది. ఏటా ఫారం నింపేటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేసేవాణ్ణి, చెక్కులోంచి కాస్త కోత ఎందుకని. ఇల్లినాయ్‌లో 2024 జనవరి నుంచి కొత్త చట్టం వచ్చింది, ప్రతి 40 గంటల పనికి ఒక గంట చొప్పున ఏడాదికి 40 గంటల వరకు జీతంతో సెలవు, కారణం చెప్పక్కర్లేదు. కానీ యూనియన్ ఒప్పందం కింద ఉన్న నిర్మాణ కార్మికులకి ఇది వర్తించదు, మీ ఒప్పందంలో ఏముందో అదే. నాకు వర్తించింది, ఏడాది మొదట్లోనే ఇచ్చిన ఆ 40 గంటలూ కాన్పు వారానికే అయిపోయాయి.

శాల మీద కేసు వేయొచ్చు కదా అని ఒకాయన అడిగాడు. స్వారీలో సహజంగా ఉండే ప్రమాదానికి శాలవాళ్ళని పట్టుకోకుండా ఇల్లినాయ్‌లో 1995 నుంచి చట్టం ఉంది. శాల గోడ మీద బోర్డు ఉంటుంది, మనం సంతకం కూడా పెడతాం. అయినా వాళ్ళ తప్పేముంది? ఎక్కింది నేను.

నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసింది వేరే. మా సైటులో ఆరడుగుల ఎత్తు దాటి అంచున పనుంటే ఓషా రూలు ప్రకారం రెయిలింగో వలో బెల్టో ఉండాల్సిందే. బెల్టు లేనివాణ్ణి కిందకి దించుతా, కోపంగానే దించుతా. నా గుర్రం పదిహేను చేతుల ఎత్తు. గుర్రాల భాషలో చెయ్యంటే నాలుగంగుళాలు, అంటే జీను ఐదడుగుల మీద ఉంటుంది. ఓషా గీతకి లోపలే అని మురిసిపోవచ్చు. కానీ నా తల ఎనిమిదడుగుల మీద ఉంటుంది, పైగా ఆ పరంజాకి నాలుగు కాళ్ళు, సొంత బుర్ర. మూడు గంటలే పడుకుని వచ్చానని ఎవరైనా చెప్తే వాణ్ణి లిఫ్ట్ బుట్టలోకి ఎక్కనిస్తానా? నేను మాత్రం ఎక్కాను.

ఇప్పుడు ఎలా చేస్తున్నానో చెప్తా. ఐదు గంటలు నిద్ర లేకపోతే జీను బయటికి తీయను. అలాంటి రోజు నేల మీదే పని. పొడుగు తాడు కట్టి గుండ్రంగా తిప్పడం, వెనక్కి నడిపించడం, టార్పాలిన్ మీదుగా నడిపించడం. (ఆ తాడు పనికి ఇంగ్లిష్‌లో ఒక పేరుంది. మన భాషలో అది ఇంట్లో అనకూడని మాటలా వినిపిస్తుంది, మా అత్తగారి ముందు ఒకసారి అనేసి నాలిక కరుచుకున్నా.) శిక్షణ అంటే ఎక్కి దౌడు తీయడమే అనుకుంటాం. గుర్రం నేర్చుకునేది మనం లాగినప్పుడు కాదు, అది మాట విన్న క్షణంలో మనం వదిలినప్పుడు. కళ్ళెం కాస్త బిగిస్తాం, తల వంచగానే వదులుతాం. ఆ వదలడమే దానికి జవాబు. ఇరవై నిమిషాల చొప్పున వారంలో మూడుసార్లు చేసే ఈ పని, ఆదివారం ఒక్కరోజు రెండు గంటలు ఎక్కి ఇద్దరూ అలిసిపోవడం కంటే మేలు. పసిపిల్లలున్న ఇంట్లో ఇరవై నిమిషాలు దొరుకుతాయి, రెండు గంటలు దొరకవు. వారం దాటి వెళ్ళలేకపోతే ఓనర్‌కి ముందే మెసేజ్ పెడతా. దాణా తగ్గించి గడ్డి మీద ఉంచుతారు, నేను ఎక్కేముందు ఇంకొకరు తిప్పుతారు. హెల్మెట్ ఒకసారి నేలకి తగిలితే మార్చాల్సిందే, బయటికి పగులు కనిపించకపోయినా సరే. సైటులో తలకి పెట్టుకునే టోపీ ఇక్కడ పనికిరాదు.

శాల నుంచి రాగానే గరాజ్‌లోనే బట్టలు మార్చి, మోచేతుల దాకా కడుక్కున్నాకే పాపని ఎత్తుకుంటా. గుర్రపు పేడలో, ఆ మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. నా టీకా పాతబడిపోయిందని కాన్పుకి ముందు డాక్టరమ్మ అడిగితేనే తెలిసింది. ఇక్కడ ఇచ్చే టీడాప్ సూదిలో ధనుర్వాతంతో పాటు కోరింత దగ్గుకీ రక్షణ ఉంది. గర్భిణికి ప్రతి కాన్పులోనూ 27 నుంచి 36 వారాల మధ్య వేయించమంటారు, ఇంట్లో మిగతావాళ్ళూ టీకాలు సరిచూసుకోవాలి.

స్వారీ చేసే అక్కచెల్లెళ్ళు ఇద్దరు రాశారు. గర్భంతో ఉన్నప్పుడు పడే ప్రమాదమున్న ఆటల్లో గుర్రపుస్వారీని ఇక్కడి ప్రసూతి వైద్యుల సంఘం వద్దనే అంటుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ రైడర్ ఆంకీ ఫాన్ గ్రున్స్‌వెన్ ఐదు నెలల గర్భంతో డ్రెస్సాజ్‌లో బంగారు పతకం గెలిచిన మాట నిజమే. ఆవిడ పుట్టుకతో జీను మీద పెరిగినంత పనిమంతురాలు, చుట్టూ సాయీసులు, డాక్టర్లు. మనకి ఆ పోలిక వద్దు. కాన్పు తర్వాత, ముఖ్యంగా ఆపరేషన్ అయితే, మళ్ళీ ఎప్పుడు ఎక్కాలనేది మీ డాక్టరే చెప్పాలి. అంతవరకు నేల మీద పని, అదీ తాడు గట్టిగా లాగని గుర్రంతో.

గల్ఫ్‌లో గుర్రపుశాలల్లో పనిచేసే తమ్ముళ్ళకి వేరే మాట. మీకిది సరదా కాదు, డ్యూటీ. మీరు పడితే అది పని ప్రమాదం, అదే రోజు రాయించి కాపీ ఫోన్‌లో పెట్టుకోండి. వీసా కంపెనీదా, ఇంటి పనివాళ్ళ కేటగిరీదా చూసుకోండి, యూఏఈలో శాల పనివాళ్ళు రెండో చట్టం కిందకీ రావచ్చు, అప్పుడు రూల్స్ మారతాయి. అక్కడ ప్రైవేటు కంపెనీల్లో తండ్రికి ఐదు పనిదినాలు జీతంతో సెలవు ఉంది, పుట్టిన ఆరు నెలల్లోపు తీసుకోవాలి. బిడ్డ ఊళ్ళో, మీరు అక్కడ ఉంటే ఐదు రోజులు ప్రయాణానికే చాలవని తెలుసు. ఏడాది సెలవుకి కలిపి అడగండి.

ఇంట్లో ఒప్పందం మాత్రం మా ఆవిడ పెట్టింది. లీజు రోజుల్లో దారితో కలిపి వారానికి తొమ్మిది గంటలు నేను బయటుండేవాణ్ణి. కాగితం మీద రాసి చూపించింది. తనకి తొమ్మిది గంటలు ఎప్పుడని అడిగింది. జవాబు లేదు నా దగ్గర. హాఫ్ లీజు వదిలేశాను, ఇంకో అమ్మాయి తీసుకుంది. ఇప్పుడు ఓనర్ అనుమతితో వారానికి రెండుసార్లు వెళ్తా, మొత్తం మూడు గంటలు. ఆవిడకీ మూడు. మొదటి రెండు నెలలు ఆ మూడు గంటలూ పడుకుంది. ఈమధ్య పార్క్ డిస్ట్రిక్ట్ కొలనులో ఈత నేర్చుకుంటోంది. ఆదివారం పొద్దున పాపా నేనే. పాత హెల్మెట్ పగిలిందని పారేయబోతే ఆవిడ పారేయనివ్వలేదు. అది గరాజ్‌లో, కారు తాళాలు తగిలించే మేకు పక్కనే ఉంది.