త్రాగినవాడును రోగియే

2020 జూలై మాసాంతమున ప్రకాశము జిల్లా కురిచేడులో జరిగిన ఘోరమును మన ప్రజ మరచియుండదు. కరోనా కట్టడివలన మద్యపు దుకాణములు మూతపడగా, త్రాగుడునకు దాసులైన పేదలు చేతులు శుభ్రపరచుకొను శానిటైజరును నీటితో కలిపి త్రాగిరి. పదిమందికి పైగా మరణించిరి.

"త్రాగి చచ్చిరి" అని లోకము ఒక్క మాటతో తీర్పు చెప్పును. వైద్యు డట్లు చెప్పరాదు. త్రాగుడు నీతివేత్తలకు దోషము కావచ్చును. ఆసుపత్రి గుమ్మమున మాత్రము అది రోగము. చరకసంహిత చికిత్సాస్థానమున మదాత్యయమునకు ప్రత్యేకాధ్యాయమే కలదు. ప్రాచీనులు చికిత్స విధించినదానిని మనము తిట్టుతో సరిపుచ్చుట తగునా?

అర్ధరాత్రివేళ మార్కాపురము ఆసుపత్రికో, గిద్దలూరు ఆసుపత్రికో తెలివిదప్పిన మనిషిని మోసికొని వత్తురు. నోట సారావాసన కొట్టును. మత్తు దిగిన లేచునని మూల పరుండబెట్టుదురు. ఆ వాసన చాటున తలలోని రక్తస్రావమో, రక్తమున చక్కెర పడిపోవుటయో దాగియుండవచ్చును. మిథనాల్ కలిసిన ద్రవమును త్రాగినవాడు తొలిగంటలలో మామూలు మత్తులో నున్నట్లే కనబడును. పిదప అది దేహమున ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటినరమును దెబ్బతీయును. విరుగుడును, డయాలిసిస్సును వేళకు లభించినచో ప్రాణము దక్కవచ్చును.

మరియొకడు త్రాగుడు హఠాత్తుగ మానినందుననే వచ్చును. అట్టివానికి రెండు దినములలోపున మూర్ఛలును, రెండు మూడు దినములకు సంధిప్రేలాపనయు కలుగవచ్చును. చికిత్స లేనిచో అదియు ప్రాణాంతకమే. తిండిలేక కృశించినవానికి గ్లూకోజుతోపాటు బి1 విటమిను ఈయనిచో మెదడునకే కీడు మూడవచ్చును.

ఈ విద్య నిపుణులకే పరిమితమైన చాలదు. 2009లో భారత వైద్యమండలి అత్యవసర వైద్యమును ప్రత్యేకశాఖగా గుర్తించినది, మంచిదే. కాని ఆ రాత్రి రోగిని మొదట చూచువాడు సామాన్య ఎం.బి.బి.ఎస్. వైద్యుడు. 2021 నాటి నిబంధనలు హౌస్ సర్జనులకు అత్యవసర విభాగమున రెండు వారములు, మానసిక వైద్యమున రెండు వారములు ఏర్పరచినవి. ఆ స్వల్పకాలముననైన, వెంటవచ్చిన ఇల్లాలిని "ఏమి త్రాగెను? ఎంతసేపైనది? త్రాగుడు ఎప్పుడు మానెను?" అని అడుగుట ప్రతి విద్యార్థికి అలవడవలెను.

గిద్దలూరునుండి ఒంగోలునకు నూరు కిలోమీటర్లకు మించిన దారి. కావున తొలి వైద్యుని తెలివియే రోగికి దిక్కు. మార్కాపురమున వైద్యకళాశాలకు 2021లో శంకుస్థాపన జరిగినది. అది ఎవరి యాజమాన్యమున నడచినను, ఈ సీమవారి రోగములే దానికి తొలిపాఠములు కావలయును.

1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలెను. శాసనములు వచ్చును, పోవును. ఆసుపత్రి తలుపు తట్టువారు మాత్రము నిత్యము వచ్చుచునే యుందురు. వారిని తిట్టక పరీక్షించు వైద్యులను తయారుచేయుట మన కళాశాలల విధి. అధికారులును ఆచార్యులును ఈ విషయమును శ్రద్ధతో ఆలోచింతురుగాక.