కార్మికుని వెంట నడచిన శాస్త్రము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి – ఈ మూడు ఊళ్ళును 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ఒక్క వరంగల్లు జిల్లాలోనివే. ఆనాటినుండి మూడును వేరువేరు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. పటములో గీతలు మారినంతమాత్రమున మనుష్యుల పని మారదు. అయినను ఈ మూడు తావులను వరుసగా చూచినచో, పని అను ఒక్క మాటకు ఎన్ని అర్థములు కలవో తెలియగలదు.

జనగామ చెంతనున్న పెంబర్తిలో ఇత్తడిరేకుపై సుత్తితో బొమ్మ దీర్చు విశ్వకర్మ తన ఇంటనో, బంధువుల కార్ఖానాలోనో కూర్చుండి పని చేయును. అతనికి పని నేర్పినవాడు తండ్రియో, మేనమామయో అయియుండును. మహబూబాబాదు ప్రాంతపు మార్కెట్టు యార్డులో మిరపబస్తాలు మోయు హమాలీ ముఠాతో కలిసి పని చేయును. బస్తాల లెక్కకు కూలి తీసికొనును. తూకము వేయు దడువాయిది మరియొక లెక్క. ఇక భూపాలపల్లి బొగ్గుగని కార్మికుడు షిఫ్టు వేళకు మస్టరు వేయించుకొని, టోపీకి దీపము తగిలించుకొని భూమిలోనికి దిగును. అతని పైన సర్దారు, సర్దారు పైన ఓవర్‌మన్, ఆ పైన మేనేజరు. అతని జీతమును నిర్ణయించునది ఊరి పెద్దయు కాదు, వ్యాపారియు కాదు. ఎక్కడనో యాజమాన్యమునకును కార్మిక సంఘములకును నడుమ కుదిరిన ఒప్పందము దానిని నిర్ణయించును.

ఈ మూడవ విధమైన పనిలో మనుష్యునకేమి జరుగుచున్నది? పొలము విడిచి గనిలోనికి దిగినవాడు తన కులమును, చుట్టరికమును, ఊరిని పైన విడిచి దిగునా? సంఘమునకు చందా యిచ్చునపుడు అతడు దేనిని కోరి యిచ్చును? ఈ ప్రశ్నలను వృత్తిగా పెట్టుకొన్న శాస్త్రమునకు పారిశ్రామిక సమాజశాస్త్రమని పేరు. దానిని గురించి యొకింత ముచ్చటింపదలచితిమి.

మన దేశమున ఈ ప్రశ్నలు మొదట ప్రభుత్వ నివేదికలలో తలయెత్తినవి. 1929లో నియమింపబడి 1931లో నివేదిక సమర్పించిన రాయల్ లేబర్ కమిషను, అనగా విట్లీ కమిషను, భారత కార్మికుడు పట్టణమున కాకర్షితుడై వచ్చుట లేదనియు, పల్లెలోని లేమి అతనిని వెలికి నెట్టుచున్నదనియు తేల్చెను. 1958లో అమెరికా పండితుడు చార్లెస్ మయర్స్ మన కార్మికుడు ఫ్యాక్టరీ జీవితమునకు ఇంకను పూర్తిగా కట్టుబడలేదను అభిప్రాయమును తన గ్రంథమున వ్యక్తపరచెను. 1965లో మోరిస్ డేవిడ్ మోరిస్ బొంబాయి నూలుమిల్లుల చరిత్రను పరిశోధించి, మిల్లులకు మనుష్యులు దొరకకపోవుట యనునది నిజము కాదనియు, క్రమశిక్షణలోని లోపములకు యాజమాన్యపు పద్ధతులే చాలవరకు కారణమనియు వాదించెను. పండితులు ఇట్లు వాదించుకొనుచుండగా, కార్మికుని వద్దకే పోయి కూర్చుండి వినిన వారెవరు?

అట్లు వినినవారిలో డాక్టరు ఇ. ఏ. రామస్వామి ముఖ్యులు. ఢిల్లీ విశ్వవిద్యాలయమున ఎం. ఎన్. శ్రీనివాస్ నేతృత్వమున సమాజశాస్త్ర శాఖ వర్ధిల్లిన కాలమువారు వీరు. పల్లెలో నివసించి పల్లెను తెలిసికొనవలెనను శ్రీనివాస్ పద్ధతిని రామస్వామి కార్మిక సంఘపు కార్యాలయమునకు తీసికొనిపోయిరి. వారు ఎన్నుకొన్న చోటు కోయంబత్తూరు. ఆ నగరపు నూలుమిల్లులలో అనేకములను తెలుగు మాటలాడు నాయుడు కుటుంబములు స్థాపించినవి. కార్మికులలోను తెలుగు ఇంటిభాషగా గలవారు కలరు. కనుక ఆ కథ మనకు పూర్తిగా పరాయిది కాదు.

రామస్వామి పరిశోధన 1977లో గ్రంథరూపమున వెలువడెను. కార్మికుడును అతని సంఘమును – ఇదియే ఆ గ్రంథమునకు విషయము, పేరును. ఒకే మిల్లులో వేర్వేరు రాజకీయ పక్షములకు చెందిన సంఘములు పక్కపక్కన నడచుచుండగా, ఒక కార్మికుడు ఒక సంఘమునే ఎందుకు ఎన్నుకొనుచున్నాడు? బంధువులు, స్నేహితులు, ఒకే విభాగమున పనిచేయువారు సంఘమునకు దారి చూపుదురు. కాని సంఘమున నిలుచుటకు కారణము వేరు. సంఘపు ఆశయములయందలి నమ్మకమును, కష్టము వచ్చినపుడు అది తనకు చేయు సాయమును చూచి అతడు నిలుచును. చుట్టరికము సంఘమునకు వాకిలియే కాని ఇల్లు కాదని మేము దీనిని క్లుప్తముగా చెప్పుదుము.

వీరి సతీమణి డాక్టరు ఉమా రామస్వామి అదే నగరమున కార్మికుని మిల్లు వెలుపలి జీవితమును పరిశీలించిరి. పని, సంఘము, సముదాయము అను మూడింటిని కలిపి వారు వ్రాసిన గ్రంథము 1983లో వెలువడెను. ఒకరు మిల్లు గేటువద్ద, మరియొకరు ఇంటి గడపవద్ద నిలిచి ఒకే మనుష్యుని చూచిరన్నమాట. తమ క్షేత్రానుభవములను దాచుకొనక చెప్పవలెనని పరిశోధకులను కూర్చి 1979లో శ్రీనివాస్, ఏ. ఎం. షా, రామస్వామి ముగ్గురును ఒక సంకలనమును కూడ ప్రకటించిరి.

తరువాత రామస్వామి దృష్టి ప్రభుత్వము వైపు మరలెను. 1984 నాటి గ్రంథమున వారు విచారించినది కార్మిక వివాదములలో రాజ్యముయొక్క పాత్ర. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము వివాదమును న్యాయస్థానమునకు పంపుటయో, పంపకుండుటయో నాడు ప్రభుత్వము చేతిలోని పనిగా ఉండెను. అట్టి చోట సంఘనాయకుడు గేటువద్ద సభ్యులను కూడగట్టుటకంటె మంత్రిగారి గుమ్మము వద్ద నిలుచుట మేలనుకొనినచో ఆశ్చర్యమేమి? 1988లో వెలువడిన మరియొక గ్రంథమున, మారుచున్న కార్మిక చైతన్యమునకు సంఘములు ఎట్లు బదులు పలుకుచున్నవను ప్రశ్నను వారు చేపట్టిరి.

ఈ సందర్భమున మన వరాహగిరి వేంకటగిరి గారు తలపునకు వచ్చుచున్నారు. 1928లో బెంగాలు నాగపూరు రైల్వే సమ్మెను నడపిన గిరిగారు 1952లో కేంద్ర కార్మికమంత్రులైరి. నిర్బంధ తీర్పులకంటె ఇరుపక్షములు ఎదురెదురుగా కూర్చుండి బేరమాడి ఒప్పందమునకు వచ్చుట మేలని వారి మతము. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినపుడు 1954లో పదవినే విడిచిరి. నాయకుడు అనుభవమున గ్రహించినదానినే శాస్త్రజ్ఞుడు పరిశోధనతో పరీక్షించెనని చెప్పవచ్చును.

ఇక మన ఇంటికి వత్తము. 1871లో డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లో తవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. గోదావరి లోయ వెంబడి విస్తరించిన ఆ గనులు భూపాలపల్లికి వచ్చునప్పటికి కాకతీయుల పేరు తాల్చి కె.టి.కె. గనులైనవి.

1990 తరువాతి తొలి సంవత్సరములలో సింగరేణిలో ఏటా వందలకొలది సమ్మెలు జరిగెను. సంఘములు అనేకము; ఎవరితో మాటలాడవలెనో యాజమాన్యమునకే తెలియని స్థితి. అందులకు విరుగుడుగా 1998లో తొలిసారి రహస్య ఓటు ద్వారా గుర్తింపు సంఘమును ఎన్నుకొను పద్ధతి వచ్చెను. నాడు గెలిచినది ఎ.ఐ.టి.యు.సి. సంఘము. 2011లో సకలజనుల సమ్మె సాగినపుడు గని కార్మికులు జీతముకొరకు గాక రాష్ట్రముకొరకు నెలకు పైగా పని మానిరి. మరుసటి యేట, అనగా 2012లో, తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘము గెలిచెను. 2017లోను అదియే గెలిచెను. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో ఎ.ఐ.టి.యు.సి. మరల నెగ్గెను. ఇది కన్ను మూసికొని చూపిన భక్తి కాదు, లెక్క చూచి యిచ్చిన నమ్మకము. కోయంబత్తూరు మిల్లులలో కనిపించినదే ఇచటను కనిపించుచున్నది.

సంఘపు లెక్కలో కుటుంబమునకును పాలు కలదు. తండ్రి అనారోగ్యముచే గనిపనికి పనికిరానివాడైనపుడు కొడుకునకు ఉద్యోగము లభించునా యనునది ఇచట ప్రతి ఇంటి మాట. కావుననే సంఘపు ఎన్నిక గనిగేటువద్ద ముగియక, వంటింటివరకు వచ్చును.

అయితే ఒక్క చిక్కు మిగిలియున్నది. 1990 తరువాతి తొలి సంవత్సరములలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు 2023 ఎన్నికనాటికి సుమారు 40,000 మందికి తగ్గిరి. తట్టాచెమ్మస్ పట్టిన చేతుల స్థానమున యంత్రములు వచ్చెను. ఓపెన్‌కాస్టు గనులు పెరిగెను. అనేక పనులు కాంట్రాక్టు కార్మికుల చేతికి పోయెను. అదే దుమ్ములో, అదే షిఫ్టులో పనిచేయు కాంట్రాక్టు కార్మికునకు గుర్తింపు ఎన్నికలో ఓటు లేదు. 2022 సెప్టెంబరులో ఆ కార్మికులు తమ జీతములకొరకు సమ్మె చేసిరి. ఓటు లేనివాని మాట ఎవరు వినవలెను? పర్మనెంటు కార్మికుని సంఘము అతనిని తనవానిగా తలచునా, లేక పోటీదారునిగా చూచునా? రాబోవు కాలమున సంఘముల బలము ఈ ప్రశ్నకు లభించు సమాధానముపై ఆధారపడియుండునని మా నమ్మకము.

దీనికి సమాధానము గ్రంథాలయమున దొరకదు. ఒకరు పోయి గనిగేటువద్ద, టీకొట్టువద్ద, కాంట్రాక్టరు లారీవద్ద కూర్చుండి ఓర్పుతో వినవలెను. భూపాలపల్లి కార్మికవాడలో పుట్టి చదువుకొనుచున్న బిడ్డలకంటె ఆ పనికి తగినవారెవరు? తండ్రి ఏ సంఘమునకు చందా యిచ్చెను, ఎందుకిచ్చెను అని ఇంటిలో అడుగుటతో ఆ పరిశోధన మొదలుకావచ్చును.